చిన్న సైజు గాజులు

ఇంటర్నెట్ ఇంకా టెలిఫోన్ తీగ మీద నడిచే రోజుల్లో, దూరవిద్యలో చదివేవాళ్లకు ఆన్‌లైన్‌లో ప్రాజెక్టు గైడ్‌గా ఉండేవాణ్ణి. ఇంట్లో కనెక్షన్ లేదు. లాల్‌దర్వాజాలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, ప్లైవుడ్ గదిలో కూర్చుని చాటింగ్‌లో మాట్లాడేవాణ్ణి. లైన్ ఎప్పుడు తెగుతుందోనని కాళ్లు ఊపుతూనే ఉండేవాణ్ణి.

పాతబస్తీలో గాజుల దుకాణం నడిపే ఒకావిడ "స్త్రీలు, సమాజం" అనే అంశం పంపింది. ఇంత పెద్దది వద్దు, చిన్నది చేయండి అన్నాను. "భారతదేశంలో" అని చేర్చి పంపింది. మళ్లీ వద్దన్నాను. "హైదరాబాదులో" అని చేర్చింది. మూడోసారి, "మీరే ఒకటి చెప్పుండ్రి సార్, గదే రాస్త" అంది. నాకు ఒళ్లు మండింది. నేను చెబితే అది నా ప్రాజెక్టవుతుంది కానీ ఆవిడదెలా అవుతుంది?

"రోజంతా దుకాణంలో కూర్చుని ఏం చూస్తారు?" అని విసురుగా టైపు చేశాను.

లైన్ పోయిందనుకుని లేవబోయాను.

"చేతులు సార్" అని వచ్చింది. "అత్తతోని వచ్చిన కోడలు నొప్పైనా చిన్న సైజే ఏయించుకుంటది. ఒక్కతే వస్తే పెద్ద సైజు అడుగుతది. గిదెందుకో నాకు సమజ్ కాదు."

కుర్చీ అంచుకు జరిగాను. "ఇదే మీ అంశం! కుటుంబంలో అధికారం, పెళ్లి, స్త్రీ శరీరం, సంప్రదాయం, మార్కెట్..." ఆపకుండా కొడుతూనే ఉన్నాను.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"జర ఆగుండ్రి సార్. చిన్నగ చేయమన్నది మీరే గదా."