కొండకి కట్టిన బుట్ట

ఎనభైల మొదట్లో నేను నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వెళ్లాను. వెళ్లిన మొదటి వేసవిలోనే నాకు తెలిసిందేమిటంటే, ఆ ఇంట్లో ఢిల్లీ అంటే ఊరు కాదు, బాగా గట్టి కాయ. నాగపూర్ అంటే భుజాలు నిండి, ఇంకా పచ్చగానే ఉన్న కాయ. బెజవాడ అంటే రేపో ఎల్లుండో తినెయ్యాల్సిన కాయ.

తోటల నుంచి వచ్చిన బంగినపల్లి కాయలు షెడ్డులో కుప్ప పోస్తే, మా అత్తగారు పీట వేసుకుని కూర్చునేవారు. ఒక్కో కాయనీ అరచేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర బొటనవేలితో ఒక్కసారి తాకి, "ఇది ఢిల్లీ, ఇది నాగపూర్, ఇది ఢిల్లీ, ఇది ఇంట్లోకి" అంటూ పక్కకి పెట్టేవారు. లారీ ఆ ఊరు చేరడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఆ కాయ పండడానికి ఎన్నాళ్లు పడుతుందో, రెండూ ఆవిడ వేలికే తెలుసు. ముప్పై అయిదు సీజన్లు అదే పని. ఆవిడ ఏరిన కాయ దారిలో మెత్తబడిందని ఏ ఊరి నుంచీ ఒక్క ఉత్తరం రాలేదని మావగారు బతికున్నన్నాళ్లూ గొప్పగా చెప్పుకునేవారట.

ఒక మధ్యాహ్నం పెట్టెల్లో వరిగడ్డి పరుస్తూ అడిగాను. "అత్తయ్యా, ఢిల్లీ ఎలా ఉంటుంది?"

"నాకేం తెలుసు అమ్మాయ్? కాయల్ని అడుగు" అన్నారావిడ.

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వడం అయ్యాక నాకు ఒళ్లు మండింది. లక్షణంగా మూడు రాష్ట్రాలు దాటి కాయలు వెళ్తున్నాయి, వాటిని గడ్డిలో పడుకోబెట్టి పంపిన మనిషి మాత్రం ఆగిరిపల్లి తోట దాటి వెళ్లలేదు. అంటే బొత్తిగా వెళ్లలేదని కాదు. ఒకసారి కాశీ వెళ్లొచ్చారు. పద్దెనిమిది మంది చుట్టాలతో, ఒక బస్సులో.

"కాశీలో ఏం చూశారు?" అని అడిగితే, "స్టవ్వు చూశాను" అన్నారు. రెండు పూటలా పద్దెనిమిది మందికి వంట. కిరసనాయిలు పోయడం, పిన్ను గుచ్చడం, పంపు కొట్టడం. గంగలో ఒక్క మునక వేసి, తడిచీరతోనే వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టారట. ఈ మాట ఆవిడ ఫిర్యాదులా చెప్పలేదు. అందుకే నాకు మరీ కోపం వచ్చింది.

ఆ రోజే మా ఆయన చదువుకున్నప్పటి అట్లాస్ అటక మీద నుంచి దింపాను. అట్ట ఊడిపోయింది, ఉత్తరప్రదేశ్ మీద సిరా ఒలికి ఉంది. అయినా రైలు గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. మా సరుకు తీసుకెళ్లే లారీ డ్రైవరుది ముసునూరు. లోడు కట్టేదాకా అతను షెడ్డులో కూర్చుని టీ తాగేవాడు. నేను అట్లాస్ ముందు పెట్టి ఊళ్ల గురించి అడిగేదాన్ని. అతను ఊళ్ల అందం చెప్పడు, ఏ ఊళ్లో టీ బాగుంటుందో చెప్తాడు. కానీ ఒకసారి ఢిల్లీలో మా సరుకు దింపాక డెహ్రాడూన్‌కి ఏదో లోడు దొరికిందట. అక్కడి నుంచి కొండెక్కి ముస్సోరీ చూసొచ్చాడట.

"ఎండాకాలంలో స్వెట్టర్లు వేసుకుని తిరుగుతున్నారండీ. మబ్బు కిటికీలోంచి లోపలికొచ్చేస్తందండీ. తలుపేసుకుంటే పోదండీ, లోపలే ఉంటది" అన్నాడు.

మా అత్తగారు చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోయారు. "మే నెల్లో చలా?" అన్నారు. ఆ తర్వాత ఏరిన నాలుగు కాయల్లో రెండు ఢిల్లీవి నాగపూర్ వైపు వేశారు. నేను చూసి సరిచేశాను.

అలా మా ప్రయాణం మొదలైంది, ఒక నోటుపుస్తకం వెనక పేజీల్లో. నేను వేసుకున్న మొదటి ప్లాను దగ్గర నుంచి దూరానికి: నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, ఢిల్లీ, చివర కొండ. అత్తగారికి చదవడం రాదు. ఊళ్ల పేర్లు వరసగా చదివి వినిపించమన్నారు. విని, తిరగెయ్యమన్నారు.

"ముందు కొసకి పోదాం. నాగపూర్‌లో ఉండగా పెద్దాడు టెలిగ్రాం కొట్టాడనుకో, తిరిగొచ్చేస్తాం. కొండమీద ఉంటే, ఆ టెలిగ్రాం వచ్చేలోపు చూసేసి ఉంటాం."

ఆ ముక్క అన్నది యాభై ఏడేళ్ల మనిషి, భర్త పోయి నాలుగేళ్లయిన మనిషి, ఏనాడూ పెద్దకొడుకు మాటకి ఎదురు చెప్పని మనిషి. నేను పేజీ చింపేసి, మళ్లీ రాశాను.

పెద్దాడంటే మా బావగారు, మా ఆయనకి అన్నగారు, ఇంటి పెత్తనం ఆయనదే. మంచివారే. కాకపోతే తమ్ముడి భార్యతో సూటిగా మాట్లాడ్డం ఆయనకి అలవాటు లేదు. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే వరండాలో స్తంభానికి చెప్పేవారు. మేం సీజను చివరి లారీ వెళ్లిన మర్నాడు బయల్దేరతామని తెలిసి, ఆయన స్తంభంతో అన్నారు: "దాందేముంది, వెళ్లొచ్చు. మధ్యలో కాశీ ఒకటి కలుపుకుంటే సరి. ఎవరూ ఏమీ అనరు."

"కలపకపోతే ఎవరేమంటారండీ?" అన్నాను నేను, స్తంభంతో కాదు, ఆయనతోనే.

ఆయన తమ్ముడి వంక చూశారు. మా ఆయన చెప్పులు వెతుక్కున్నారు.

"అమ్మ ఈ వయసులో, నాన్న పోయాక, కొండల మీద షికార్లేంటి అనరూ?" అన్నారు చివరికి. అదీ అసలు సంగతి. డబ్బు గురించి ఎవరూ ఒక్కమాట ఎత్తలేదు. భర్త లేని ఆడది దేవుణ్ణి చూడ్డానికి ఎంత దూరమైనా వెళ్లొచ్చు. ఊరు చూడ్డానికి మాత్రం వీధి చివరికి కూడా వెళ్లకూడదు.

గదిలోకి వచ్చాక మా ఆయన మెల్లగా నచ్చజెప్పబోయారు. "ఒక గుడి పేరు రాసెయ్యి. వెళ్లాక దిగితే దిగుతారు, లేకపోతే లేదు."

"గుడి పేరు రాస్తే మైలవరం నుంచి మీ పిన్ని వస్తుంది. ఆవిడ వెనక మీ పెద్దమ్మ వస్తుంది. వాళ్ల వెనక స్టవ్వు వస్తుంది" అన్నాను.

నాకు దేవుడంటే భక్తి లేక కాదు. శుక్రవారం దీపం పెట్టకుండా పచ్చి మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. మా ఇద్దరి సరదా కోసం దేవుడి పేరు గేటుపాసులా వాడడం నాకు అసహ్యం వేసింది. ఆవిడకి చూడాలని ఉంది. చూడాలని ఉందని చెప్పి వెళ్లాలి. అంతకుమించి నాకు పట్టుదల ఏమీ లేదు, కానీ దాని దగ్గర మాత్రం మొండికేశాను.

బావగారూ ఊరుకోలేదు. మర్నాడు అట్లాస్ తీసుకుని సిరా మరక అంచున వేలు పెట్టి, నిధి దొరికినంత సంతోషంగా కేకేశారు. "ఇదిగో, హరిద్వార్! డెహ్రాడూన్ వెళ్లే రైలు దీనిమీదనుంచే పోతుంది. దారిలోనే ఉంటే కాదంటారేంటి?"

నిజమే. దారిలోనే ఉంది. ఆయన సాయంత్రానికల్లా బజారంతా చెప్పేశారు, మా అమ్మ హరిద్వార్ వెళ్తోందని. పొద్దున్నే ఎదురింటావిడ తోమి తళతళలాడించిన రాగిచెంబు పట్టుకొచ్చింది, గంగనీళ్లు తెచ్చిపెట్టమని. పన్నెండు గంటల బస్సులో మైలవరం నుంచి కబురు వచ్చింది, పిన్నిగారు పరుపుచుట్ట కట్టేసుకున్నారని. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏడుపు దుఃఖంతో కాదు, ఉక్రోషంతో. కొండమీద మబ్బులో కూర్చుని మా అత్తగారు స్టవ్వుకి పిన్ను గుచ్చుతున్నట్టు కళ్లకి కట్టింది.

అత్తగారు వచ్చి నన్ను చూశారు. గూట్లో ఉన్న రాగిచెంబు తీసుకుని, చెప్పులేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో వీధి దాటారు. నేను వెనకాలే గుమ్మం దాకా పరిగెత్తాను. ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఆవకాయ ముక్కలు తుడుస్తున్నారు. అత్తగారు చెంబు వాళ్ల మధ్యలో పెట్టారు.

"మేం గంగకి వెళ్లట్లేదమ్మా. చూడ్డానికి వెళ్తున్నాం."

"ఏం చూడ్డానికండీ?" అంది ఎదురింటావిడ, నిజంగానే అర్థంకాక.

"ఊళ్లు" అన్నారు అత్తగారు.

తిరిగి వచ్చేసరికి బావగారు వరండాలో నిలబడి ఉన్నారు. మొహం ఎర్రబడి ఉంది. ఆవిడ గొంతు పెంచలేదు. "ఒరే నాన్నా, మీ నాన్నగారిని పెళ్లయిన ఏడాది అడిగాను, ఈ కాయలు వెళ్లే ఊరు ఒక్కటి చూపించమని. సీజనయ్యాక చూద్దాంలే అన్నారు. ముప్పై అయిదు సీజన్లయ్యాయి. పిన్నికి కబురు పెట్టు, పరుపు విప్పుకోమను."

బావగారు స్తంభంతో కూడా ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మా ఆయన, ఎవరూ అడక్కుండానే, సైకిలు స్టాండు వేసి, బెజవాడ బస్సెక్కి వెళ్లి, రెండు టిక్కెట్లు రిజర్వేషను చేయించుకొచ్చారు. పెళ్లయ్యాక ఆయన మీద నాకు అంత ప్రేమ పుట్టింది అప్పుడే.

ఇక బుట్ట. పదిహేడు రోజుల ప్రయాణానికి నేను చీరలు సర్దుకుంటుంటే, అత్తగారు వెదురుబుట్ట సర్దారు. ప్లానంతా ఆవిడ బుట్టలోనే రాసుకున్నారు. పైవరస రైల్లో తినడానికి, అప్పటికే రంగు తిరిగినవి. దాని కింద గడ్డి పరిచి ఢిల్లీలో దిగిన రోజుకి. ఆ కింద కొండమీద మొదటి రోజుకి, రెండో రోజుకి, అలా ఆరు రోజులకీ. అన్నిటికన్నా అడుగున రాయిలాంటి కాయలు. వాటిని ఏరడానికి ఆవిడకి ఒక పూట పట్టింది. "ఆరో రోజు పొద్దున్న కిటికీలో కూర్చుని తింటాం, చూస్తూ ఉండు" అన్నారు.

దారి సంగతి ఎక్కువ చెప్పను. నేను పాసైన రెండు హిందీ పరీక్షలూ ఢిల్లీ స్టేషన్లో కూలీ దగ్గర ఫెయిలయ్యాయి. హరిద్వార్‌లో రైలు ఆగినప్పుడు అత్తగారు కిటికీలోంచి రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. రైలు కదిలింది. "దణ్ణానికి దిగక్కర్లేదు" అన్నారు, నేను అడక్కపోయినా.

ముస్సోరీలో మబ్బు నిజంగానే కిటికీలోంచి వచ్చింది. డ్రైవరు చెప్పినట్టే తలుపేసినా పోలేదు. ఆవిడ రెండు చీరలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే కూర్చున్నారు. ఎవరికీ వండలేదు. మూడో రోజు కాయ తీస్తే పచ్చిది. నాలుగో రోజుదీ పచ్చిదే. ఆరో రోజు పొద్దున్న అడుగువరస తీసి, తొడిమ దగ్గర వేలుపెట్టి, ఆవిడ తెల్లబోయారు. నూజివీడులో పెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

కాయ పండాలంటే వేడి కావాలి. అది మాకు తెలియక కాదు. ఆ వేడి లేని చోటు ఒకటి ఉంటుందని, ఆవిడ వేలికి ఎవరు చెప్పారు? ఆవిడ లెక్కకట్టిన ప్రతి రోజూ మా ఎండలోని రోజే. నేను ఓదార్చబోయాను. ఆవిడ అప్పటికే పకపకా నవ్వుతున్నారు. కిందనున్న కొట్లో ఉప్పూ కారం అడిగి తెచ్చుకుని, కొండని చూస్తూ మామిడికాయ ముక్కలు తిన్నాం. కొట్టువాడు కూడా ఒక ముక్క తిని కళ్లు మూసుకున్నాడు.

కిందికి దిగాక ఆగ్రా ఎండకి బుట్ట మేలుకుంది. ఝాన్సీ వచ్చేసరికి దాదాపు అన్నీ ఒక్కసారి పండాయి. రైల్లో పక్కవాళ్లకీ, ఎదురువాళ్లకీ పంచాం. అడుగువరసలో సరిగ్గా పండనివి రెండే రెండు మిగిలాయి. అవి ఇంటిదాకా వచ్చాయి.

మేం దిగిన సాయంత్రం మా వరండా నిండింది. యాత్ర నుంచి వచ్చినవాళ్లు ప్రసాదం పంచాలి, అది అందరికీ అలవాటు. మేం యాత్రకి వెళ్లలేదని తెలిసినా, అలవాటు కొద్దీ వచ్చారు. బెజవాడ స్టేషన్లో పాలకోవా కొనుక్కొచ్చి హరిద్వార్‌దని ఇస్తే ఎవరికీ తెలిసేది కాదు. అత్తగారు బుట్ట అడుగు నుంచి ఆ రెండు కాయలు తీశారు. తొక్క ముడతలు పడి, రంగు అక్కడక్కడే తిరిగింది. పల్చటి ముక్కలు కోసి పళ్లెంలో అందరి ముందూ తిప్పారు.

బావగారు ముక్క తీసుకుని కళ్లకద్దుకున్నారు.

"కళ్లకద్దుకోకురా, మన ఆగిరిపల్లి తోట కాయే. కొండ చూసొచ్చింది, అంతే" అన్నారు అత్తగారు.

ఆయన నోట్లో వేసుకుని మొహం చిట్లించారు. "పుల్లగా ఉందేంటమ్మా?" అన్నారు, నమ్మలేనట్టు. ఆవిడ చేతి కాయ లెక్క తప్పడం ఆయన పుట్టాక చూడలేదు.

"అవును, తప్పు నాదే. కొండకి కట్టే కాయ కాస్త రంగు తిరిగాకే కట్టాలి. వచ్చే ఏడు చూసుకుంటాను."

ఎదురింటావిడ ముక్క నముల్తూ ఆగిపోయింది. బావగారు పళ్లెం వంక చూశారు. తర్వాత స్తంభం వైపు కాకుండా, నా వైపు తిరిగారు.

"వచ్చే ఏడు ఎక్కడికమ్మా?" అన్నారు.

నేను లోపలికి వెళ్లి అట్లాస్ తెచ్చాను.