శిరివెళ్ల దాటాక తెగిన వైరు

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. దయ్యాలూ గియ్యాలూ అని పిల్లలు గుసగుసలాడుకుంటే కసిరి కూర్చోబెట్టేది నేనే. ఇప్పటికీ వాటి మీద నాకు నమ్మకం కుదిరిందని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది నంద్యాల. నాయన మెకానిక్. మొదట సైకిళ్లు బాగుచేసేవాడు, తర్వాత మోటారు సైకిళ్లు. మేమిద్దరం కొడుకులం. నన్ను చదివించాడు. తమ్ముడు దానియేలు పదో తరగతి తప్పితే షెడ్డులో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాణ్ణి "చిన్నోడా" అని పిలిచేవాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి నన్ను "సారు" అన్నాడు. అందరూ అది గౌరవం అనుకున్నారు. నాకు మాత్రం ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు ఉండేది. షెడ్డులో వాళ్లిద్దరూ ఒకే గిన్నెలో అన్నం తింటూ నవ్వుకుంటుంటే నాకు కడుపు మండేది. నలభై దాటినవాణ్ణి, ఇలా రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ తమ్ముడంటే నాకు అసూయ.

నాయన పోయి ఏడాది కావస్తుండగా సమాధికి రాయి పెట్టాలనుకున్నాం. రాతిపని అంటే మా వైపు ఆళ్లగడ్డే. రాయి మీద చెక్కాల్సిన పేరు, తేదీలు, బైబిలు వాక్యం అన్నీ నేనే కాగితం మీద రాశాను. తమ్ముడు ఒక్కటే అడిగాడు.

"కింద చిన్న పానా బొమ్మ చెక్కిచ్చు అన్నా. నాయన చేతిలో ఎప్పుడూ ఉండేది గదా."

సరేనన్నాను. లోపల మాత్రం వద్దనుకున్నాను. పానా చెక్కితే ఆ రాయి చూసిన ప్రతివాడికీ వాడే గుర్తొస్తాడు.

నా బండి షోరూములో సర్వీసుకు ఇచ్చి ఉండటంతో వాడి బండి తీసుకుని బయల్దేరాను. ఎండాకాలం, పొద్దున పదకొండు గంటలు. శిరివెళ్ల దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయాక కుడిచేతి పిడి ఉన్నట్టుండి వదులైపోయింది. ఎంత తిప్పినా ఇంజను మెల్లగా కొట్టుకుంటోందే తప్ప బండి లాగడం లేదు. బండి పనిముట్ల సంచిలో ఉన్న స్క్రూడ్రైవరుతో పిడి దగ్గర మూత విప్పాను. యాక్సిలరేటర్ వైరు తెగింది. కొసన ఉండే సీసపు గుండు ఊడిపోయి, పోగులు చీపురులా విచ్చుకుని ఉన్నాయి. మెకానిక్ బండికి ఈ గతి పట్టిందని నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది.

రోడ్డు పక్కన టార్పాలిన్ కింద ఒక పెద్దామె పుచ్చకాయలు అమ్ముతోంది. బండిని ఆమె కళ్ల ముందు నిలిపి, మూత బిగించి, తాళం వేసి, వైరు కొనుక్కొస్తానని చెప్పి శిరివెళ్లకు ఆటో ఎక్కాను. అక్కడ రెండు కొట్లు తిరిగినా ఆ బండి వైరు దొరకలేదు. గంట తర్వాత ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

"అయిపాయ గదప్పా, పో ఇంగ," అందామె.

"ఏందవ్వా అయిపాయిండేది?"

"నీ బండే. ఎవురో పెద్దాయన వచ్చి చేసిపాయ. నువ్వే పంపిచ్చినావనుకుంటి."

స్టార్ట్ చేసి పిడి తిప్పితే ఇంజను మోత లేచింది. నమ్మకం కుదరక మూత మళ్లీ విప్పాను. తెగిన కొసకు పాత సైకిల్ స్పోకు కొసన బిగించే చిన్న ఇత్తడి నిపుల్ తొడిగి, పోగులు వెనక్కి మడిచి గట్టిగా చుట్టి ఉన్నాయి. నాయన అలాగే చేసేవాడు. ఆ మాత్రం చాలామంది చేస్తారు. కానీ ఆ చుట్లు ఎడమకు తిరిగి ఉన్నాయి. నాయనది ఎడమచేతి వాటం. నాదీ అదే, రాతకు మాత్రం బడిలో కొట్టి కుడిచేతికి మార్చారు.

"ఆయప్ప ఎట్లుండె అవ్వా?"

"ఏం జూస్తి నాయనా, నా బేరం నాది. ఖాకీ చొక్కా. పనైనాక చేతులకు మన్ను రుద్దుకుని తుడుసుకునె. చిన్నోడు యాడ పోయినాడు అని అడిగె. శిరివెళ్లకు పాయ అంటి. తిక్కోడు, ఇంత ఎండలోనా అనె. పిడి గుంజొద్దను, మెల్లగ తిప్పమను అని చెప్పి నడుసుకుంటా పాయ."

ఖాకీ చొక్కా, చేతులకు మన్ను రుద్దుకోవడం, రెండూ నాయన అలవాట్లే. కానీ నేను ఆగిపోయింది "చిన్నోడు" దగ్గర. బండి చిన్నోడిది. ఆగిపోయింది చిన్నోడే అనుకుని వచ్చాడు. ఎండలో నిలబడింది నేను. వచ్చింది ఎవరైనా కానీ, నా కోసం రాలేదు.

ఆ మంటలోనే ఆళ్లగడ్డ చేరాను. శిల్పి చేతికి కాగితం ఇచ్చి, పానా సంగతి ఎత్తకుండా వచ్చేశాను.

సాయంత్రం షెడ్డులో బండి అప్పగిస్తూ వైరు తెగిందని చెప్పాను. తమ్ముడు మూత విప్పాడు. ఆ చుట్లను వేలితో తడిమి చూశాడు.

"ఎవురు కట్టినారు అన్నా ఇది?"

నిజమే చెప్పాలనుకున్నాను. నోట్లోంచి మాత్రం "నేనే" అని వచ్చింది.

"నీకెట్ల తెలుసు?"

"నాయన నేర్పిచ్చినాడు, చిన్నప్పుడు."

వాడు అనుమానించలేదు. నా ఎడమచేతి వాటం వాడికి తెలుసు. మూత బిగిస్తూ తలెత్తకుండా అన్నాడు.

"నాకు ఎన్నితూర్లు జేసినా ఆ చుట్టు రాలె. నీకు చదువు జెప్పిచ్చినాడు. మా సారు, మా సారు అని అందరికీ చెప్పుకున్నాడు. ఈ పని మాత్రం నాకొక్కనికే జూపిచ్చినాడనుకుంటి." స్క్రూడ్రైవరు కింద పెట్టి, "పానా బొమ్మ వద్దులే అన్నా," అన్నాడు.

నా మీద వాడికి అసూయ ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. మర్నాడు పొద్దున్నే శిల్పికి ఫోన్ చేసి పానా చెక్కమన్నాను.

తర్వాత నాయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లను విచారించాను. ముగ్గురే ఉన్నారు. ఎవరూ ఆ రోజు అటు పోలేదు, ఎవరిదీ ఎడమచేతి వాటం కాదు. ఆ దారిలో రెండుసార్లు ఆగి వెతికాను. పుచ్చకాయల కాలం అయిపోయింది, పెద్దామె కనబడలేదు. దారిన పోయే పాత మెకానిక్ ఎవరో తమ్ముడి బండిని గుర్తుపట్టి ఉండొచ్చు.

రాయి నిలబెట్టిన రోజు తమ్ముడు ఆ పానా మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. మా అన్న చెక్కించాడని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఆ వైరు ఇంకా వాడి బండికే ఉంది. అన్న కట్టిందని మార్చలేదట.

ఎవరు కట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎవరి కోసం అడిగారో మాత్రం ఆ పెద్దామె చెప్పింది. "చిన్నోడు" అన్న ఆ ఒక్క మాట తమ్ముడికి చెప్పాలని ప్రతి ఆదివారం చర్చిలో వాడి పక్కన కూర్చున్నప్పుడు అనుకుంటాను. చెబితే నాయన మళ్లీ వాడొక్కడికే అయిపోతాడు.