అత్త తీసిన రెండో పిడికెడు

ఈ నెల మొదటి ఆదివారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు, మా గుడిలో పిడికెడు బియ్యం పోసే డ్రమ్మును సంఘపెద్దలిద్దరు ఎత్తి బయట పెట్టారు. ఒక్క ముసలమ్మ తప్ప ఎవరూ పోయడం లేదు, పురుగు పడుతోంది అని పాస్టరయ్య చెప్పాడు. ఆ ముసలమ్మను నేనే. ఆయన మాటలో తప్పు లేదు గనుక అందరితో పాటు నేనూ తలూపాను గానీ, ఇంటికొచ్చి అన్నం ముందు నుంచి లేచి ఇది రాయడానికి కూర్చున్నాను. నాకు అక్షరాలొచ్చింది యాభై దాటాక, గుడి అరుగు మీద పలక పట్టుకుని. సొగసుగా రాయడం చేతకాదు, జరిగింది జరిగినట్టు చెప్పడమే వచ్చు.

నా ఈడువాళ్ళకు ఆ పద్ధతి తెలిసే ఉంటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేసి, వారమంతా కూడినదాన్ని ఆదివారం గుడిలో పోసేవాళ్ళం. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనిలో మా అత్తా నేనూ రాళ్ళు మోసేవాళ్ళం, నా మొగుడు సిమెంటు లారీ మీద పోయి వారానికో పది రోజులకో వచ్చేవాడు. చిన్న వయసులోనే ముండమోసిన మా అత్త, జ్వరమొచ్చినా, గనిలో వేలు నలిగినా, ఆ పిడికెడు మాత్రం మానేది కాదు.

వరసగా రెండేండ్లు వాన లేదు. గని కూడా సగం దినాలు మూతపడేది. అప్పుడు నా బిడ్డకు మూడేండ్లు. జ్వరం తగ్గి, ఎన్నాళ్ళకో నోరు తెరిచి గంజి అడిగింది. అత్త పనికి పోయి ఉంది, ఇంట్లో ముంతలో బియ్యం తప్ప గింజ లేదు. ఆ బియ్యమే తీసి గంజి కాచాను. కాచి ఊరుకుని ఉంటే బాగుండేది. ముంత అడుగున గని రాతిముక్కలు పోసి, పైన ఒక గుప్పెడు బియ్యం కప్పాను. ప్రతి శనివారం పొద్దున అత్త ఆ బియ్యాన్ని చాటలో చెరిగి రాయీ రప్పా ఏరితే గానీ గుడికి పట్టుకుపోదన్న సంగతి, ఐదేండ్లు ఆ ఇంట్లో కాపురం చేసిన నాకే ఆ పూట గుర్తు రాలేదు.

చాటలో రాళ్ళు గలగలమన్నాయి. మా అత్త వాటిని చూసి, నన్ను చూసి, నవ్వింది.

"ఏమ్మే, యేసయ్యకు రాళ్ళు వండిపెడదామనుకున్యావా?" అంది. "అడిగింటే నేనే ఇచ్చిందునే. బిడ్డ ఆకలి గుడిది కాదా?"

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేండ్లు పోసినావే, ఒక్క వాన పంపినాడా నీ దేవుడు?" అని అరిచాను.

"వాన కోసరం పోస్తాండానా నేను?" అంది, రాళ్ళేరుకుంటూ.

మరునాటి నుంచి రోజూ రెండు పిడికెళ్ళు తీయడం మొదలుపెట్టింది. మొదటిది ఎప్పుడూ తీసేదే. రెండోది, నేను తీసుకున్నదానికి బదులు, తన కంచంలోది. కొడుకు వచ్చినప్పుడు అడిగితే పొట్ట బాగలేదని చెప్పేది. నాకు తెలుసు. చాలత్తా, ఇక తిను అని ఒక్క మాట అంటే సరిపోయేది. తగ్గి మాట్లాడడం ఇష్టం లేక, వారం తర్వాత వారం చూస్తూ ఊరుకున్నాను. ఒక మధ్యాహ్నం అత్త గనిలో, నెత్తిన రాయితోనే కూలబడి మళ్ళీ లేవలేదు. ఎండదెబ్బ అన్నారు. నేను కాదనలేదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, గుడి బియ్యం వండి పంపడం మా సంఘంలో ఆచారం. కరువులో పోసేవాళ్ళు తగ్గిపోయారనీ, ఆ నెల డ్రమ్ములో ఉన్నవి చాలామటుకు మా అత్త పోసినవేననీ వడ్డిస్తూ అప్పటి పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది.

అప్పటి నుంచి మొన్నటి దాకా నేనూ రోజూ రెండు పిడికెళ్ళు తీశాను. ముసలామెకు ఎంత విశ్వాసమో అని సంఘంలో అనుకుంటారు. ఆమెది విశ్వాసం. నాది చెప్పుకోలేని తప్పు. పిడికెడు తీస్తే ఇంట్లో ఎవరికో ఒకరికి తగ్గే రోజులు పోయాయి, పోవడమే మంచిది. తనకు తగ్గినా మానని మనుషులు కూడా ఆ రోజులతోనే పోయారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో మూటలకు మూటలు సన్నబియ్యం ఉన్నాయి, నా రెండు పిడికెళ్ళు పోయడానికి చోటు లేదు.

సమాధి చేసి వచ్చిన ఆ రోజు మా ఇంట్లో కూర్చుని ఆ అన్నం తిన్నది నా మొగుడు, నా బిడ్డ, పాస్టరయ్య, వడ్డించిన పాస్టరమ్మ, శవాన్ని మోసిన గని మేస్త్రి, పొద్దుటి నుంచి నా పక్కనే కూర్చున్న పక్కింటి సాయిబుల ఆడమనిషి, ఆకలికి రెండోసారి కూడా పెట్టించుకున్న నేను.