మెరవని గుడ్డ

1971. యుద్ధం రేపో మాపో అంటున్న రోజులు. మంగళగిరిలో ఒక చేనేత సహకార సంఘానికి నేను డైయింగ్ మాస్టర్‌ని, అంటే రంగులు వేసే పని నాది. రక్షణ ఏర్పాట్లు చూసే అధికారి ఒకాయన బెజవాడ నుంచి వచ్చి, పెట్రోలు లారీల మీద కప్పడానికి కామఫ్లాజ్ గుడ్డ కావాలన్నారు. శత్రు విమానానికి లారీ కనపడకుండా, చుట్టూ ఉన్న చెట్టూ చేమలో కలిసిపోయే గుడ్డ అన్నమాట.

నాలుగు వారాలు మగ్గాలు ఆగలేదు. పడుగుకు గంజి పట్టించి కుంచెతో దువ్వడంలో వీరమ్మత్తను మించినవాళ్ళు మా వీధిలో లేరు. వీధంతటికీ ఆమె అత్తే. గుడ్డ చేతిలో పెళపెళలాడింది. మా సంఘంలో మీసం మెలెయ్యనివాణ్ణి నేనొక్కణ్ణే, నాకు మీసం లేదు గనక.

అధికారి ఒక లారీకి ఆ పచ్చగుడ్డ కప్పించి, చేల పక్కన నిలబెట్టించి, నన్ను కొండమెట్లు ఎక్కించారు.

"మేస్త్రీగారూ, ఆ మెరిసేదేంటండీ?"

"మన గుడ్డేనండీ!" అన్నాను ఛాతీ విరిచి.

ఆయన నవ్వలేదు. "మీకు కనపడితే పైలట్‌కీ కనపడుద్ది కదండీ. దాని కింద ఉండేది పెట్రోలు, ఓ డ్రైవరూను."

చీరకు అందం తెచ్చే గంజి నిగనిగే ఇక్కడ మనిషి ప్రాణం తీసేట్టుంది. అది ముందే తట్టాల్సింది నాకు. తట్టలేదు, తప్పు నాదే.

కిందికొచ్చి డీసైజింగ్ చెయ్యాలన్నాను. వేడినీళ్ళలో గంజి వదిలించడం. వీరమ్మత్త ఒంటికాలి మీద లేచింది.

"గంజి లేని గుడ్డ నా చేతి మీదుగా ఎప్పుడన్నా పోయిందంట్రా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వే నలుగురూ నేల మీదుంటారత్తా. ఇది చూసేవాడు పైనుంటాడు. కింద డ్రైవరుంటాడు."

ఆమె కొంగు దోపి, కాగు కింద తనే నిప్పు రాజేసింది. ఉతికి ఆరేశాక గుడ్డను ఎగాదిగా చూసి, "రంగు మరీ సమానంగా ఉందిరా. పొలం ఇట్టా ఉంటదా? కాలవ మట్టి రంగు అక్కడక్కడా మచ్చలు పడనీ" అంది. మచ్చ పడకుండా రంగు వెయ్యడమే అంతవరకూ నా విద్య. ఆ వారం మచ్చలు వెయ్యడం నేర్చుకున్నాను.

మళ్ళీ కొండ ఎక్కాం, ఈసారి వీరమ్మత్తతో సహా. అధికారి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికారు.

"లారీ ఎక్కడ పెట్టించారండీ?"

"అప్పుడున్న చోటేనండీ."

ఆయన నా వైపు కాదు, ఆమె వైపు తిరిగి సెల్యూట్ కొట్టారు. నా కళ్ళు చెమ్మగిల్లాయి.

విమానాలు మా వైపు రానేలేదు. అయినా ఎవరి కంటి కోసం చేస్తున్నామో తెలుసుకోకుండా పని మొదలుపెట్టకూడదని నాకు తెలిసొచ్చింది ఆ కొండమీదే. మెట్లు దిగుతూ వీరమ్మత్త అంది: "నా గుడ్డ నలుగురి కంట్లో పడాలనే ఇన్నాళ్ళూ పాటుపడ్డా నాయనా. కనపడలేదంటే ఇంత గొప్పగా ఉంటదనుకోలా."