ఊరికే తీసే కూనిరాగం

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా దానికి పని లేదు. మాటలు రాని పిల్లలకి నేర్పే ఆ సెంటర్‌కి వచ్చే తల్లులందరికీ ఆమె గీతలమ్మ. ఏం చూసినా కాగితం మీద గీత గీస్తుంది కాబట్టి ఆ పేరు. పిల్ల కుర్చీలోంచి లేస్తే గీత, అరిస్తే గీత, చెప్పింది చేస్తే గీత. సాయంత్రానికి వాటిని లెక్కపెట్టి, చుక్కలుగా మార్చి, చుక్కల్ని కలిపి గోడకు అంటిస్తుంది. ఆ గ్రాఫు పైకి పోతే నేర్పే పద్ధతి మంచిదన్నమాట. పోకపోతే పద్ధతి మార్చాలి. అంతేగానీ పిల్ల మొండిది అని ఎవరైనా అన్నారా, వాళ్ళ మీద ఒంటికాలి మీద లేస్తుంది.

ఈ చదువు ఆమె ఆలస్యంగా చదివింది. అంతకుముందు బిస్కెట్ల ఫ్యాక్టరీలో, కదిలే పట్టీ ముందు నిలబడి విరిగిన బిస్కెట్లు ఏరేది. కన్ను తనకిష్టమైనదే చూస్తుందని, లెక్కపెట్టేదాకా నిజం తేలదని అక్కడే ఒంటబట్టింది. ఇంట్లో మొగుడి అవస్థ ఏం చెప్పమంటారు! గిన్నెలు ఎప్పుడూ తనే తోముతున్నానని ఒకసారి నోరు జారాడు పాపం. మర్నాడే వంటింటి క్యాలెండరు మీద గీతలు మొదలయ్యాయి. నెలాఖరుకి ఆయన మొహం ఇంత చేసుకున్నాడు. అప్పట్నుంచి ‘ఎప్పుడూ’ అనే మాట ఆ ఇంట్లో ఆయన నోట రాలేదు.

గీతలమ్మ దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయిని ఇంట్లో బొంగరం అనేవాళ్ళు. ఐదేళ్ళది. మాటలు రాలేదు. రెండు చేతులూ చాపి గదంతా గిరగిరా తిరుగుతుంది, పడదు. వాళ్ళమ్మ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్ళిపోతుంది. పిల్లని పట్టుకుని తాతయ్య వచ్చేవాడు. ఆయనకి ఇంటి ముందు గదిలోనే ఇస్త్రీ దుకాణం. మంచినీళ్ళు కావాలంటే అట్టముక్క మీదున్న నీళ్ళ బొమ్మ చూపించాలి, బయటికి వెళ్ళాలంటే తలుపు బొమ్మ చూపించాలి, ఇదీ ఆ పిల్లకి నేర్పాల్సింది. దానికంటే ముందు, ఎదుటివాళ్ళు చేసింది చూసి తనూ చేయడం రావాలి. చప్పట్లు కొట్టడం, ముక్కు ముట్టుకోవడం, బల్ల మీద తట్టడం.

సెంటర్‌లో పద్ధతి ఏమిటంటే, పిల్ల సరిగ్గా చేసిన ప్రతిసారీ ఇష్టమైనదేదో వెంటనే అందాలి. దానికి ఇంగ్లీషులో నోరు తిరగని పేరుంది. గీతలమ్మ తల్లులతో బహుమానం అనేది. బొంగరం విషయంలో ఆ బహుమానమే దొరకలేదు. సబ్బు బుడగలు ఊదారు, చూడలేదు. బిస్కెట్టు ఇచ్చారు, బల్ల కింద పెట్టింది. డోలు, టార్చిలైటు, ఫోన్లో బొమ్మలు, ఏదీ కాదు. రెండు నిమిషాలు కూర్చోవడం, లేచి తలుపు దగ్గరికి పోవడం. గోడ మీద గ్రాఫు నేలబారుగా పడుకుంది. గీతలమ్మకి తలప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు ఆమె పిల్లని ఆపకుండా తలుపు తీసింది. ఎక్కడికి పోతుందో చూద్దామని. పిల్ల సూటిగా వరండాలో బెంచీ మీద కూర్చున్న తాతయ్య దగ్గరికి వెళ్ళి, ఆయన గొంతు మీద అరచెయ్యి ఆనించింది. ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు, మాటల్లేని రాగం, ఇస్త్రీ చేసేటప్పుడు తీసేదే. గొంతులో కదలిక చేతికి తగులుతుంటే పిల్ల కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడింది. తిరగలేదు, అరవలేదు. దొరికింది అనుకుంది గీతలమ్మ.

మర్నాటినుంచి తాతయ్యకి లోపల మూడో కుర్చీ వేశారు. పిల్ల చప్పట్లు కొడితే ఆయన కాసేపు కూనిరాగం తీయాలి, పిల్ల చెయ్యి పెట్టుకుంటుంది. ఆపాలి. ముక్కు ముట్టుకుంటే మళ్ళీ తీయాలి. వారం తిరక్కుండా గ్రాఫు లేచి కూర్చుంది. పక్కగది టీచరు కూడా విడిగా కూర్చుని లెక్కపెట్టింది, ఇద్దరి లెక్కలూ కలిశాయి. అంటే అది గీతలమ్మ భ్రమ కాదు.

అప్పుడు పెట్టింది గీతలమ్మ ఆ రూలు. ఆటబొమ్మల విషయంలో సెంటర్‌లో అందరూ చేసేదే. ఏ బొమ్మ బహుమానమో దాన్ని ఇంట్లో ఇవ్వకూడదు. ఇంట్లో అడక్కుండా దొరికేదాని కోసం ఇక్కడ ఎవరు పని చేస్తారు? కాబట్టి ఇంట్లో కూనిరాగం బంద్. వాళ్ళమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. నీళ్ళు కావాలని పిల్ల అడగడం చూస్తే చాలు తనకి, అందుకోసం ఏం చేయమన్నా చేస్తుంది. తాతయ్య ఒక్కటే అడిగాడు, ఎన్నాళ్ళు అని. గ్రాఫు నిలకడ పడేదాకా అంది గీతలమ్మ. ఆయన తలూపాడు. పిల్లని ఎవరూ అడగలేదు. మాటలు రాని పిల్లని ఏమని అడుగుతారు?

గ్రాఫు పైపైకి పోయింది. పిల్ల నీళ్ళ బొమ్మ తీసి చేతిలో పెట్టిన రోజు, సెలవు పెట్టి వచ్చిన వాళ్ళమ్మ వరండాలో కళ్ళొత్తుకుంది. సెంటర్ నడిపే పెద్ద మేడమ్ ఆ గ్రాఫు చూసి, ఏడాదికోసారి ఇలాంటి సెంటర్ల టీచర్లంతా కలిసే సభలో దీన్నే చూపిద్దామంది. గీతలమ్మకి అలాంటి మాట వినడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళి మొగుడికి చెబితే, దానికీ క్యాలెండరు మీద గీత గీస్తావా అన్నాడు. గీసింది కూడా, ఏమనుకున్నారు!

సభకి చూపించాలంటే ఒక పని మిగిలింది. బల్ల దగ్గర నేర్చుకున్నది ఇంట్లో చేస్తోందా లేదా అని చూసి రావాలి. ఒక మధ్యాహ్నం గీతలమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. బొటనవేలితో నొక్కితే అంకె మారే చిన్న కౌంటరు చేతిలో పట్టుకుని, ఇస్త్రీ దుకాణంలో ఓ మూల స్టూలు మీద కూర్చుంది. గదిలో వేడి, తడిబట్టల వాసన, అలమరలో కాగితాలు చుట్టిన చొక్కాల దొంతరలు. తాతయ్య ఒక దుప్పటి మడత సరిచేస్తున్నాడు. ఇస్త్రీ పెట్టె బల్ల మీద లేదు, చెయ్యెత్తితే అందేంత ఎత్తున గూట్లో ఉంది. అంత పైన ఎందుకు పెట్టాడో ఆమెకి అంతుబట్టలేదు.

లోపలి గదిలోంచి పిల్ల వచ్చింది. తాతయ్య పీట మీద కూర్చుని ముందుకి వంగాడు. పిల్ల గొంతు మీద చెయ్యి పెట్టింది. ఆయన పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. కాసేపు చూసి పిల్ల చెయ్యి తీసింది. చప్పట్లు కొట్టింది. చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. ముక్కు ముట్టుకుంది, చెవి ముట్టుకుంది, ఇస్త్రీ బల్ల మీద టపటపా తట్టింది. అప్పుడర్థమైంది గీతలమ్మకి, పెట్టె గూట్లోకి ఎందుకు ఎక్కిందో. పిల్ల తనకి వచ్చినవన్నీ ఒకటి తర్వాత ఒకటి చేసింది, అయిపోతే మొదటినుంచీ మళ్ళీ చేసింది. పరుగెత్తుకెళ్ళి నీళ్ళ బొమ్మ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది, తలుపు బొమ్మ తెచ్చి పెట్టింది. చెయ్యి పెట్టి చూసింది. తాతయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గీతలమ్మ బొటనవేలు అలవాటుకొద్దీ నొక్కుతూనే ఉంది. కౌంటరు వైపు చూసింది. పద్ధతి ప్రకారం చూస్తే పిల్ల చేసిన ప్రతిదీ సరైనదే. ఎవరూ చెప్పకుండా, బల్ల లేకుండా, టీచరు లేకుండా. తన చేతిలో ఇంత పెద్ద అంకె ఆమె ఎన్నడూ చూసుకోలేదు.  కౌంటరు తీసి సంచిలో పడేసింది.

“ఎన్నాళ్ళనుంచి ఇలా?” అని అడిగింది.

“మీరు వద్దన్న దగ్గర్నుంచీనమ్మా.”

“నాకు చెప్పలేదేం బాబాయిగారూ?”

“గీత పైకి పోతోందన్నారు కదా. చెబితే ఆపేస్తారేమోనని.” ఆయన దుప్పటి అంచు మళ్ళీ సరిచేశాడు, అది సరిగ్గానే ఉంది. “ఇదివరకు ఊరికే వచ్చేదమ్మా నా దగ్గరికి. ఇప్పుడు పని చేసి వస్తోంది. నా దగ్గర కూడా పని చేయాలా ఇది?”

 ఆయన మాట మీద నిలబడే మనిషి అని గీతలమ్మకి తెలుసు. కానీ ఎంతలా నిలబడ్డాడో అప్పుడు తెలిసింది. పిల్ల నిద్రపోతున్నా కూనిరాగం తీయడం మానేశాడట, గోడ అవతలికి వినిపిస్తుందేమోనని. ఇన్ని రోజులూ ఆ దుకాణంలో ఇస్త్రీ నోరు విప్పకుండానే సాగింది.

“ఇప్పుడు తీయండి” అంది గీతలమ్మ.

“రూలు?”

“ఆ రూలు పెట్టింది నేను. తీసేస్తున్నాను. తీయండి బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత రాగం వచ్చింది, బొంగురుగా. పిల్ల కళ్ళు మూసుకుంది. గీతలమ్మ హమ్మయ్య అనుకునేలోపే ఆయన ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాడు. వెంటనే పిల్ల చెయ్యి తీసి చప్పట్లు కొట్టింది. ఆయన మళ్ళీ అందుకున్నాడు. మళ్ళీ ఊపిరికి ఆగాడు, మళ్ళీ చప్పట్లు. తాతయ్య ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ పిల్ల దానికి మూల్యం చెల్లిస్తోంది. ఆ పూట గీతలమ్మకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

మర్నాడు పెద్ద మేడమ్ గదిలో జరిగింది పెద్ద గొడవేమీ కాదు. మేడమ్ చెడ్డమనిషి కాదు. తల్లి సంతకం ఉంది, గ్రాఫు నిజమైనది, రెండో టీచరు లెక్కా కలిసింది, మధ్యలో బహుమానం తీసేస్తే పిల్ల నేర్చుకున్నది జారిపోతుంది, సభ అయ్యాక మెల్లగా సడలిద్దాం అని నిదానంగానే చెప్పింది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు, అదే చిక్కు. గీతలమ్మ రాత్రంతా తనతో తనే ఆ వాదనలు వాదించుకుని వచ్చింది. బల్ల దగ్గర జరిగింది మాత్రమే లెక్కపెట్టామని, ఇంట్లో ఏం పోతోందో లెక్కపెట్టలేదని చెప్పింది. ఆటబొమ్మని పెట్టెలో పెట్టి తాళం వేస్తే బొమ్మకి ఏమీ కాదు, తాతని పెట్టెలో పెట్టామంది.

“సంతకం వాళ్ళమ్మ పెట్టింది మేడమ్. పిల్ల ఏమందో నేను నిన్న చూశాను. మనం అడగలేదు గానీ, అది రోజూ చెబుతూనే ఉంది.”

 చివరికి మేడమ్ ఆ గ్రాఫు సభకి వద్దని ఫైల్లోంచి తీసి ఆమె చేతికిచ్చింది. మెచ్చుకోలేదు, తిట్టలేదు. వచ్చే వారానికి కొత్త పద్ధతి రాసుకుని రమ్మంది.

అనుకున్నట్టే బల్ల దగ్గర గ్రాఫు జారింది. మూడో కుర్చీ తీసేశారు. ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసాతో చేతుల మీద తుంపర కొడితే పిల్లకి కొంచెం నచ్చుతుందని తాతయ్య చెబితే అది తెచ్చుకున్నారు. కూనిరాగంతో పోలిస్తే దాని బలం సగం కూడా లేదు. బొంగరం మళ్ళీ తలుపు దగ్గరికి పోవడం మొదలెట్టింది. వాళ్ళమ్మ ల్యాబు దుస్తుల్లోనే సెంటర్‌కి వచ్చి నిలదీసింది.

“ఇప్పుడిప్పుడే కదక్కా అడగడం నేర్చుకుంటోంది! మా నాన్న పాడితే ఎంత, పాడకపోతే ఎంత?”

గీతలమ్మ ఆమెని కూర్చోబెట్టి ఆ మధ్యాహ్నం చూసిందంతా, ఏదీ తగ్గించకుండా చెప్పింది. పెట్టె గూట్లోకి ఎందుకు ఎక్కిందో కూడా. ఆమె పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి, ఇదేదీ ఆమె కంట పడలేదు. విని మొహం చేతుల్లో పెట్టుకుంది. కాస్త తేరుకున్నాక, ఇకమీదట ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించుకునేముందు ఇంటికొచ్చి చూడమని అడిగింది. గీతలమ్మ సరేనంది. తర్వాత ఏ పిల్ల విషయంలోనూ ఆ మాట తప్పలేదు.

ఇక ఆమె బుద్ధి ఎక్కడికి పోతుంది? తను చేసిన నష్టం మానుతోందో లేదో కూడా లెక్క చూడాలి. కొత్త కాగితం తీసింది. తాతయ్య చేయాల్సిందల్లా పాత పనే, తోచినప్పుడల్లా ఊరికే కూనిరాగం తీయడం, పిల్ల ఏమీ చేయకముందే. ఆమె లెక్కపెట్టేది ఒక్కటే, ఆయన ఆగినప్పుడు పిల్ల ఎన్నిసార్లు చప్పట్లు కొడుతోందని. జీవితంలో మొదటిసారి ఒక గ్రాఫు కిందికి పోవాలని మొక్కుకుంది. వారానికోసారి ఆ స్టూలు మీద కూర్చునేది. గ్రాఫు కిందికి రావడానికి తొందరేమీ పడలేదు. ఒక వారం తగ్గేది, మరో వారం పెరిగేది. చొక్కాలకొచ్చిన వాళ్ళు, ఈవిడెవరు, ఇక్కడేం గీస్తోంది అని అడిగేవాళ్ళు. మా చుట్టమే అనేవాడు తాతయ్య.

ఆ ఏడాది సభ అయిపోయింది, ఇంకెవరిదో గ్రాఫు చూపించారు. బొంగరం తుంపర కోసమే నెమ్మదిగా నీళ్ళ బొమ్మని మళ్ళీ చేతిలో పెట్టింది. తర్వాత ఒక మధ్యాహ్నం గీతలమ్మ వెళ్ళేసరికి ఇస్త్రీ పెట్టె కిందికి దిగి ఉంది, బల్ల మీద, పిల్లకి అందని చివరన. తాతయ్య చీర మడత వేస్తూ కూనిరాగం తీస్తున్నాడు. పిల్ల గిరగిరా తిరుగుతూ వచ్చింది. ఆయన పెట్టెని ఇంకాస్త అవతలికి జరిపి, వంగాడు. పిల్ల గొంతు మీద చెయ్యి పెట్టింది.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. గీతలమ్మ పెన్ను కాగితానికి ఆనించి పట్టుకుంది. పిల్ల చప్పట్లు కొట్టలేదు. ముక్కు ముట్టుకోలేదు. గొంతు మీద చెయ్యి అలాగే ఉంచి, కళ్ళు మూసుకుని, ఆయన మళ్ళీ మొదలుపెట్టేదాకా ఊరికే నిలబడింది.