మూడు మసి మచ్చలు

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజుల్లో, నేను చేవెళ్లలో, లోహాన్ని గుండ్రంగా తిప్పుతూ కోసే ఒక లేత్ షాపులో టర్నరుని. బస్సులు బందు. పట్నంలో దుకాణాలు బందు. పంపుకు ఏ సామాను కావాలన్నా మేమే చేసివ్వాలి.

ఒక పొద్దున ఆలూరు నుంచి ఒక రైతమ్మ ఎడ్లబండి మీద పంపు వేసుకొని వచ్చింది. ఇరుసు తిరిగే ఇత్తడి బుష్ అరిగిపోయింది.

"నాటేసి వారమాయె బిడ్డా. మడి నెర్రెలిస్తున్నది. జర జల్ది చెయ్యి," అన్నది.

బుష్ అంటే పల్చటి గొట్టమే. గంటలో చేసేశాను. లోపల ఎటు తిప్పి కొలిచినా ఒకటే కొలత. కానీ ఇరుసు దూరలేదు! ఇంకోటి చేశాను. అదీ అంతే. కోసే టూలు మళ్లీ సానబట్టాను. లేత్ బేరింగులు ఊపి చూశాను, కదలిక లేదు.

షాపు నడిపే ముసలాయనను ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన లేచి వచ్చాడు.

"కొలతను నమ్మకు. ఇరుసుకు లాంతరు మసి పూసి చూడు."

మసి పూసి, పట్టినంతవరకు నెట్టి తీశాను. బుష్ లోపల మూడు నల్ల మచ్చలు! బయట చూస్తే, లేత్‌లో గొట్టాన్ని బిగించే చక్ దవడలు పట్టుకున్న గుర్తులూ మూడే. మచ్చలు సరిగ్గా ఆ గుర్తుల నడుమ ఉన్నాయి.

"ఉస్తాద్, దొరికింది! దీన్ని పిసుకుతున్నది నేనే!"

దవడలు బిగిస్తే పల్చటి గొట్టం మూడుచోట్ల నొక్కుకుపోతోంది. అలా నొక్కుకున్నదాన్ని గుండ్రంగా కోస్తున్నాను. వదలగానే అది తన రూపానికి తిరిగి వస్తుంటే, నేను కోసిన గుండ్రం చెడిపోతోంది. ఒకచోటి నొక్కుకు సరిగ్గా ఎదురుగా ఉబ్బు ఉండటంతో, కొలత మాత్రం ఎటు చూసినా ఒకటే వస్తోంది.

"గట్లయితే ఏం జేస్తవ్?" అన్నాడు ఆయన నవ్వుతూ.

ఒక మందపాటి ఇనుప రింగు ఒకపక్క చీల్చి, కొత్త గొట్టానికి తొడిగి చక్‌లో పెట్టాను. ఇప్పుడు పట్టు చుట్టూ సమంగా పడింది. చివరి కోతకు బిగింపు ఇంకా తగ్గించాను. బుష్ తీసి తుడిచి, ఇరుసు పెట్టి వేలితో నెట్టాను. జారిపోయింది!

"దిగిందవ్వా, దిగింది!" అని కేకేస్తూ, రోడ్డు మీద బండి దగ్గర కాచుకొని ఉన్న రైతమ్మ దగ్గరికి ఉరికాను. అటుగా వస్తున్న ఊరేగింపు వాళ్లు ఏమనుకున్నారో, "జై తెలంగాణ!" అని తిరిగి అరిచారు. నేనూ అరిచాను.

ఆగలేక ఆమె బండిలోనే ఆలూరు వెళ్లి పంపు బిగించాను. నీళ్లు దబదబా దూకాయి. ఆమె దోసిలి పట్టి ముఖం కడుక్కున్నది. నేను చెప్పులు విడిచి, నీళ్లతోపాటు మడి కొసదాకా నడిచాను.