ముండ్లకంప కింది బావి

పోయిన నెల ఒక పొద్దున, మా పక్కింటి అవ్వ ఇక లేదని ఆమె కొడుకు ఫోన్ చేశాడు. నేను కాపురం ఉంటున్నది ఎల్లారెడ్డిలో అయినా, పుట్టి పెరిగింది కామారెడ్డి పోయే దారిలో, ఆమె ఇంటి గోడ పక్కనే. బస్సెక్కి కూర్చున్నాక కూడా నమ్మబుద్ధి కాలేదు. ఆమె నాకు చుట్టమేమీ కాదు. కానీ మా అమ్మకన్నా నన్ను ఎక్కువ తిట్టింది ఆమే. అందుకేనేమో ఏడుపు ఆగలేదు.

ఆమె ఇల్లు రోడ్డు మీదే. ఇంటి ముందు సొంత బావి. దాని పక్కన నీడలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. దారిన పోయేవాళ్లు ఎవరైనా సరే, నీళ్లు తాగకుండా పోనిచ్చేది కాదు. నిలబడి తాగితే ఒప్పుకునేది కాదు. "కూసోని తాగు, నీళ్లేమన్న ఉరుకుతున్నయా?" అని కసిరేది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీల కోసం రెండు మూడు మరాఠీ ముక్కలు కూడా నేర్చుకుంది. "బసా, పాణీ ప్యా" అని, కూర్చుని నీళ్లు తాగమని ఆమె పిలుస్తుంటే వాళ్లు ఒకటే నవ్వు. ఇవాళ మా ఇంటికి గ్యాస్ బండ తెచ్చే అతన్ని కూడా నేను కూర్చోబెట్టే నీళ్లిస్తాను. ఆ బుద్ధి ఆమె పెట్టిందే.

మా పల్లె వెనక గుంతలో పట్టణం చెత్త పోయడం ఎప్పటినుంచో ఉంది. వాసనకు అలవాటు పడ్డాం, ఈగలకూ అలవాటు పడ్డాం. నీళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు. మొదట అవ్వ ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. పప్పే మంచిది కాదని దుకాణం అతనితో పోట్లాడింది. తర్వాత అన్నం పచ్చబడింది. బావి చెడిపోయిందేమో అని నేనంటే చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె లెక్కలో అది ఇంటి మనిషి మీద నింద వేయడమే. చివరికి సర్కారు ఆఫీసు వాళ్లు వచ్చి నీళ్లు పరీక్ష చేసి, తాగొద్దని చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రమే కొడుకుతో తుమ్మకంప కొట్టించి బావి మీద కప్పించింది.

ఆ ఏడు చెరుకు కూలీలు ఎప్పటిలాగే ఆగారు. "పాణీ ఖరాబ్" అంది అవ్వ. వాళ్లు నమ్మలేదు. ఒకామె నవ్వుతూ కంప పక్కకు జరపబోతే, అవ్వ బొక్కెన లాక్కుని గుండెలకు హత్తుకుంది. వాళ్లు ముఖాలు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు.

"పిసినారి ముసల్ది అనుకుంట పోయిండ్రు బిడ్డా" అని నా చేయి పట్టుకుని ఏడ్చింది. తర్వాత క్యాన్లు తెప్పించి వచ్చినవాళ్లకు పోసేది గానీ, "గివి నా నీళ్లు గావు" అని అందరికీ చెప్పేది.

కొన్నాళ్లకు చెత్త పోయడం ఆపారు. మిషన్లు వచ్చాయి. కుప్పను తవ్వి, జల్లెడ పట్టి, మట్టినీ ప్లాస్టిక్‌నూ వేరు చేశారు. అడుగున చేరిన నల్లటి నీటిని ట్యాంకర్లలో తోడుకుపోయారు. ఇక బావి బాగైనట్టేనని అవ్వ సంబరపడింది. పరీక్షకు నీళ్లు సీసాలో పట్టుకుపోయే ఆఫీసు అమ్మాయి వచ్చినప్పుడల్లా, ఆస్పత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు అడిగేది.

"ఎట్లున్నది మా బాయి?"

"పైన తీసేసినం అవ్వా. భూమిలకు దిగింది పోవాల్నంటే ఏండ్లు పడ్తది."

"నాకన్ని ఏండ్లున్నయా బిడ్డా?"

ఆ అమ్మాయి సీసా మూత బిగించుకుని వెళ్లిపోయేది. నాకు ఒళ్లు మండేది. చెత్త పోయించిన వాళ్లలో ఒక్కరూ ఆ ప్రశ్న వినడానికి ఆమె వాకిట్లోకి రాలేదు.

చివరిసారి నేను చూడడానికి వెళ్లేసరికి మంచం పట్టి ఉంది. "నేను పోతే ట్యాంకరు పిలువకుండ్రి" అంది. "తాగొద్దన్నరు గని, నన్ను కడగొద్దని ఎవ్వలన్లె."

ఏం మాటలివి అని నేను కసిరాను.

"నా బాయి ఇంకొక్కలకన్న అక్కరకు రానియ్యి" అంది.

ఆమె పోయిన రోజు నేను వెళ్లేసరికి వాకిట్లో డ్రమ్ము నిండా ట్యాంకరు నీళ్లు ఉన్నాయి. ఆమె అన్న మాట చెప్పాను. కొడుకు తనే కంప లాగేశాడు. చేతులు గీసుకుపోయినా ఆగలేదు. కొత్త తాడు కట్టి తోడాడు. బొక్కెన పైకి రాగానే ఆ చెత్త గుంత వాసన వాకిలంతా కమ్మింది. ఆడవాళ్లం ఆమె తలకు పోశాం. నెరిసిన జుట్టు మీదుగా ఆ పచ్చటి నీళ్లు జారుతుంటే, మాలో ఎవరమూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు.